వెనక సీట్లో మాట

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తున్నాం. నకిరేకల్ దాటాక అమ్మ వెనక సీట్లోంచి ఏదో అంది. "ఏంటమ్మా?" అని అరిచాను. మళ్లీ చెప్పింది. వినపడలేదు. మా డీజిల్ అంబాసిడర్‌లో చిన్నప్పటి నుంచీ ఇంతే. 1489 సీసీ ఇంజను, అరవై దాటిందంటే కారంతా డబడబలాడుతుంది. మూడోసారి అమ్మ ముందుకు వంగి, నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది: "ఏదో మాడు వాసనొస్తోందిరా."

కొర్లపహాడ్ టోల్‌గేటు దాటి పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. చప్పుడు తగ్గుతుందని రెండు నెలల కిందట హైదరాబాదులో లోపలివైపు అంటించిన నల్లటి ఫోమ్ ఒక మూల ఊడి, వేలాడి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను తాకుతోంది. అంచు కమిలి బంకలా సాగుతోంది. పట్టుకుని లాగితే చేతినిండా డీజిల్. స్పాంజి కదా, ఇంజను మీద తేలే నూనె తుంపరంతా రోజూ తాగుతూ వచ్చింది. వేడికి గమ్ము వదిలేసింది. ఇంకో పది కిలోమీటర్లు అలాగే వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అమ్మ నీళ్ల సీసా పట్టుకుని పక్కనే నిలబడింది. ఫోమ్ మొత్తం పీకి, సంచిలో కుక్కి, డిక్కీలో పడేశాను.

సూర్యాపేట దాకా నాకు ఒకటే ఆలోచన. ఫోమ్ తీసేశాక కూడా చప్పుడు పెద్దగా పెరగలేదు! అంటే ఇన్నాళ్లూ అది చేసిందేమిటి? తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 పేలుళ్లు. ఆ హోరులో ఒక్కో అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. దాన్ని పన్నెండు మిల్లీమీటర్ల ఫోమ్ ఎక్కడ మింగుతుంది? డీజిల్ ఇంజను కటకటలో ఉండే సన్నటి శబ్దాన్ని మాత్రం కొంత పీలుస్తుంది. నేను మందం చూశాను, నలుపు చూశాను, బానెట్ ఎత్తితే అందంగా కనిపిస్తుందని మురిసిపోయాను. దాని పని ఏమిటో అడగలేదు.

కోదాడ, జగ్గయ్యపేట దాటి, కీసర దగ్గర మున్నేటి వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలింది. విజయవాడలో పిన్ని ఇంట్లో ఎలాగూ నాలుగు రోజులుంటాం. మర్నాడు ఉదయాన్నే ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టేచోట సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు, గ్రీజు వాసన. అడుగుతూ అడుగుతూ వెళ్తే, సీట్లు కుట్టి లైనింగ్ వేసే ఒక పెద్దాయన దగ్గరికి పంపారు.

ఆయన బానెట్ వైపే చూడలేదు. కారును షెడ్డు లోపల చీకట్లోకి తోయించారు. ఇంజను పక్కన లైటు వేలాడదీసి బానెట్ మూయించారు. "మీరు లోపలికెళ్లి, పెడల్స్ దగ్గర తల పెట్టి చూడండి బాబూ" అన్నారు. వంగి చూశాను. ఇంజనుకూ మనకూ మధ్య ఉండే అడ్డరేకులోంచి నాలుగుచోట్ల వెలుతురు! క్లచ్ పెడల్ దగ్గర వేలు పట్టేంత సందు. స్టీరింగ్ రాడ్ చుట్టూ రబ్బరు ఎండి చీలిపోయింది. వైర్ల కట్ట వచ్చేచోట రబ్బరు గ్రోమెట్టే లేదు. స్పీడోమీటరు కేబుల్ పక్కన ఎవరో ఎప్పుడో వేసి వదిలేసిన రంధ్రం.

"వెలుతురొచ్చే దారిలోనే చప్పుడూ వస్తుందండి. ముందు ఇవి మూద్దాం."

ఆ మాటకు శాస్త్రం కూడా సాక్ష్యం చెబుతుంది. గోడ ఎంత బరువైనదైనా, దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే, మొత్తం మీద ఆపగలిగేది 20 డెసిబెల్స్ మాత్రమే. అలాంటి రేకుకు ఎంత ఖరీదైన సరుకు అంటించినా డబ్బు దండగే.

తర్వాత సరుకు. ఆయన మూడు ముక్కలు కోసి, షెడ్డు బయట పాత ఇనప పళ్లెంలో పెట్టి, ఒక్కోదానిమీద కాస్త డీజిల్ చల్లారు. నా డిక్కీలో ఉన్న ఫోమ్ లాంటిది నిమిషంలో పీల్చేసింది. ఫెల్ట్ కూడా పీల్చింది. ఏసీ డక్టులకు చుట్టే నైట్రైల్ రబ్బరు షీటు మీద మాత్రం చుక్క అలాగే నిలబడింది. మళ్లీ పొడి ముక్కలు తీసుకుని అగ్గిపుల్ల ముట్టించారు. ఫోమ్ భగ్గున అంటుకుని నల్లటి పొగతో చుక్కలు చుక్కలుగా కారింది. రబ్బరు షీటు మంట తీయగానే ఆరిపోయింది. ఇంతకంటే నాకేం కావాలి?

పని రెండు రోజులు పట్టింది. సందులన్నీ కొత్త రబ్బర్లతో మూశారు. బానెట్ మధ్యలోనూ, అడ్డరేకు మీదా బిట్యూమెన్ షీటు అతికించారు. అంతటా అక్కర్లేదు, పావు వంతు కప్పినా రేకు మోత అణుగుతుంది. అంతకుముందు వేలితో కొడితే టంగుమన్న బానెట్, తర్వాత దబ్బుమంది. ఇంజను వైపు అల్యూమినియం పూత ఉన్న రబ్బరు షీటు వేసి, గమ్మును నమ్మకుండా క్లిప్పులు కూడా బిగించారు. మానిఫోల్డ్‌కు ఎదురుగా ఏమీ పెట్టలేదు. నీళ్లు కారే రంధ్రాలు మూయలేదు, మూస్తే తుప్పు ఖాయం. అసలు బరువైన పొర కారు లోపలివైపు పడింది: మ్యాట్ కింద ఫెల్ట్, దానిమీద దళసరి రబ్బరు. నూనె, మంట తగలని చోట ఫెల్ట్ బంగారం లాంటిది. పనిలో పనిగా చిట్లిన ఇంజను మౌంటింగులూ మార్చారు. వణుకు ఇనుములోంచే పాకుతుంటే ఏ దుప్పటి కప్పినా ఆగదు.

తిరుగు ప్రయాణంలో నందిగామ దాటాక అమ్మ అంది, మామూలు గొంతుతోనే: "ఇక్కడే మీ నాన్నగారు బండాపి టీ తాగేవారు." వినపడింది. మొదటిసారికే వినపడింది. ఆపాను. టీ తాగాం. డెబ్బై దాటితే హోరు ఇప్పటికీ ఉంది, అది ఆ ఇంజను స్వభావం. హైదరాబాదు చేరేదాకా అమ్మ చెబుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

పాత కారుకు ఫోమ్ వేయించబోయే వారికి ఒక్క మనవి. కొనేముందు చిన్న ముక్క అడిగి తీసుకుని, ఆరుబయట ఇనప పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల ముట్టించి చూడండి. పుల్ల తీశాక కూడా మండుతూనే ఉంటే, దాన్ని మీ బానెట్ కింద వేయనివ్వకండి.