పర్లేదులెండి అన్నాం గానీ



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చాలామంది మా కారు చుట్టూ చేరి, "అయ్యగారూ, ఎవరు గుద్దేశారండి?" అని అడిగారు. వెనక తలుపు మీద బూడిద రంగు మచ్చ, దానిమీద టేపుతో అంటించిన పాలిథిన్ కవరు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఎవరూ గుద్దలేదు. అది రెండేళ్ళ నాటి గీత. ఇప్పుడు బాగుచేయిస్తున్నాం కాబట్టే అంత వికారంగా కనిపిస్తోంది.

రెండేళ్ళ క్రితం మన సంఘ పెద్దల్లో ఒకరి ఇంట్లో రాత్రి కూడిక ముగించుకుని బయలుదేరాం. (ఆయన సరేనన్నాకే ఇదంతా రాస్తున్నాం.) కాలవ గట్టు పక్కన ఇరుకు సందు, పైగా కరెంటు లేదు. రివర్స్ చేస్తుంటే వాళ్ళ ఇనుప గేటు గడియ తలుపుకి తగిలి బర్రుమని గీసుకుంటూ పోయింది. మూరెడు గీత. ఆ గడియ బయటికి పొడుచుకొచ్చి ఉందని అంతకుముందే ఒకసారి చెప్పి ఉన్నాం. ఆయన టార్చి వేసి చూసి, "అయ్యో, ఎక్కువ తగిలిందాండి?" అన్నారు. "పర్లేదులెండి, చిన్నదే" అని నవ్వి వచ్చేశాం.

అది అబద్ధం. సెకండ్ హ్యాండ్‌దే అయినా ఎన్నో ఏళ్ళు కూడబెట్టి కొనుక్కున్న ఆల్టో అది. ఇంటికొచ్చాక ఇద్దరం మళ్ళీ టార్చి వేసుకుని చూశాం. గోరు పెట్టి లాగితే గోరు గీతలో పడింది. అడుగున ఇనుము తెల్లగా మెరుస్తోంది. "బాగుచేయిస్తానని ఒక మాటైనా అనలేదు చూశారా" అని మా ఇంటావిడ అంది. ఆ మాట మేమూ అనుకుంటూనే ఉన్నాం.

పది రోజుల తర్వాత టౌన్లో 250 రూపాయలు పెట్టి బ్రష్షుతో వేసే రంగు సీసా కొన్నాం. కారూ వెండి రంగే, సీసాలోదీ వెండి రంగే. కడగలేదు, రుద్దలేదు. అప్పటికే గీతలో ఎర్రగా తుప్పు మొదలైంది, దానిమీదే పూసేశాం. పది అడుగుల దూరం నుంచి చూస్తే ఏమీ తెలియలేదు. పాస్టరు కారుని అంతకన్నా దగ్గరగా చూసేవాళ్ళు ఎవరుంటారు!

మన కోనసీమలో సముద్రపు గాలికి ఇనుము ఎంతకాలం నిలుస్తుందో మీకు చెప్పక్కర్లేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ గీత వెంబడి పొక్కులు లేచాయి. రాజోలు వెళ్ళే దారిలో ఒక పెయింటింగ్ షెడ్డుకి తీసుకెళ్ళాం. మేస్త్రి స్క్రూడ్రైవరు మొనతో ఒక పొక్కుని గిల్లాడు. లోపలి నుంచి గోధుమ రంగు పొడి రాలింది.

"పైన ఎవరో రంగేశారండి. కింద రోగం అలాగే ఉంది. తుప్పు పడితే ఇనుము ఉబ్బుద్దండి, పైనున్న రంగుని ఎత్తేస్తది. అప్పుడే తెచ్చుంటే చిన్న పని."

ఆ ఎవరో ఎవరన్నది మేము చెప్పలేదు.

కారు మీద రంగు మొత్తం కలిపినా ఒక కాగితం మందమే ఉంటుందట. ఇనుము మీద తుప్పు పట్టకుండా ప్రైమర్, దానిమీద రంగు, ఆపైన మెరుపు కోసం క్లియర్ కోటు. గీత ఆ పై పూతలోనే ఆగితే కాంపౌండు పెట్టి పాలిష్ చేస్తే పోతుంది. ఇనుము దాకా దిగితే మాత్రం తెరవాల్సిందే. ముందు శుభ్రంగా కడిగి, మైనం, జిడ్డు లేకుండా తుడిచాడు. తర్వాత గరుకు కాగితంతో మొదలుపెట్టి, 180, 320 నంబర్ల కాగితాలు మారుస్తూ రుద్దుతూనే ఉన్నాడు. దారమంత గీత అరచేతి వెడల్పు అయింది. మాకు గాభరా పుట్టింది.

"ఇంత పెద్దది చేసేస్తున్నావేంటి నాయనా?"

"తుప్పు చుక్క మిగిలినా మళ్ళీ లేస్తదండి. అంచులు కూడా వాలుగా పోవాలి. మెట్టులాగా వదిలేస్తే ఎన్ని పూతలేసినా గీత కనపడద్ది."

షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అది చూస్తుంటే చెమటలు పట్టాయి. ఎండకి కాదు. ఈ రెండేళ్ళలో ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాం, ప్రార్థన చేశాం, వచ్చేశాం. ఆయన భార్యకి జబ్బు చేసినప్పుడు కూడా మంచం పక్కన అయిదు నిమిషాలకు మించి నిలబడలేదు. "అయ్యగారు ఈ మధ్య కూర్చోవట్లేదు" అని ఆవిడ అంటే, పనుల తొందర అన్నాం. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మా పక్కన నిలబడి పాత్ర అందించేది ఆయనే. ఆ చేతుల్లోంచే అందుకున్నాం. గాయం లోతు చూడకుండా అంతా బాగుందని చెప్పిన యాజకుల గురించి యిర్మీయా 6వ అధ్యాయంలో ఉంది. సెమినరీలో దానిమీద పరీక్ష కూడా రాశాం, మంచి మార్కులే వచ్చాయి.

మేస్త్రి ప్రైమర్ కొట్టాక వాన పట్టుకుంది. తేమలో రంగు కొడితే పాలిపోయినట్టు తెల్లబడుతుందనీ, ప్రైమర్ నీళ్ళు పీలుస్తుంది కాబట్టి తడవనివ్వొద్దనీ చెప్పి కవరు అంటించి పంపాడు. ఆ సాయంత్రం అదే కారులో ఆ ఇంటికి వెళ్ళాం. ఈసారి కూర్చున్నాం.

"ఆ రాత్రి పర్లేదన్నాం గానీ, మనసులో పెట్టుకున్నామండి. క్షమించండి" అన్నాం.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా చెప్పారు. "కొబ్బరి డబ్బులు రాగానే మూడు వేలు జేబులో పెట్టుకుని గుడికి వచ్చానండి. చూస్తే తలుపుకి రంగు వేసేసి ఉంది. నాతో ఒక్క మాట చెప్పకుండా చేయించేసుకున్నారు, నా డబ్బు వద్దనుకున్నారు కాబోలు అనుకున్నాను. వెనక్కి పట్టుకొచ్చేశాను."

ఏం చెప్పాలో తోచలేదు. ఆవిడ టీ తెచ్చింది. మళ్ళీ నింపితే రెండోసారీ తాగాం. చీకటి పడ్డాకే లేచాం.

వెండి రంగు కుదరడం కష్టమట, పక్క తలుపు దాకా పలచగా కలుపుకుంటూ పోవాలట. అలా చేసినా ఎండలో ఒక కోణం నుంచి తేడా తెలుస్తుందని మేస్త్రి ముందే చెప్పాడు. 3,500 అవుతుందన్నాడు. సగం తాను ఇస్తానని పెద్దాయన పట్టుబట్టారు, సరేనన్నాం.

బయలుదేరేటప్పుడు ఆయన టార్చి పట్టుకుని కారు వెనక నిలబడ్డారు. వెలుతురు గేటు మీద పడింది. ఆ గడియ ఇంకా అలాగే పొడుచుకొచ్చి ఉంది.

"అది కోయించెయ్యండి" అన్నాం, ఈసారి నవ్వకుండా.