ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?

మా వంటింటి అలమారలో ఒక స్టీలు పళ్లెం ఉంది. దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన 'ప్రథమ బహుమతి, 1976' అన్న అక్షరాలు, దాదాపు యాభై ఏళ్లుగా చింతపండుతోనూ బూడిదతోనూ, ఆ తర్వాత సబ్బుపొడితోనూ తోముతూ వచ్చినా చెరిగిపోలేదు. అందులో కందిపప్పు ఏరుకుంటాను, కరివేపాకు దూస్తాను. అన్నం మాత్రం తినను. "ఏమిటోయ్, ఆ పళ్లెం మీద నీకంత పగ?" అని మావారు ఎన్నోసార్లు అడిగారు. ఎన్నోసార్లు మాట మార్చేశాను. మొన్న సంక్రాంతికి మాత్రం చెప్పక తప్పింది కాదు.

మా కోడలు బొమ్మలు వేస్తుంది. అదే దాని ఉద్యోగం. పెళ్లిమాటలప్పుడు "అమ్మాయి ఏం చేస్తుంది?" అంటే వియ్యపురాలుగారు "కంప్యూటరు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బొమ్మలంటే మేమేమనుకుంటామోనని ఆవిడ భయం! తీరా చూస్తే, దుకాణాలవాళ్లకీ బడులవాళ్లకీ వెబ్‌సైట్లు తయారుచేస్తుందిట. అందులో పేజీ ఎలా ఉండాలో అదే చూస్తుంది, బొమ్మలూ అదే వేస్తుంది. అంటే ఇల్లు కట్టే మేస్త్రీ, గోడకి సున్నం వేసే మనిషీ, గుమ్మానికి తోరణం కట్టే మనిషీ ఒక్కరే అన్నమాట.

పండక్కి రాజమండ్రి వచ్చినా పని వెంటపెట్టుకునే వచ్చింది. భోగికి రెండు రోజుల ముందు దాని స్నేహితురాలొకామె వచ్చింది. ఆ అమ్మాయిదీ అదే వృత్తి. ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటుంటే, నేను పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెవి అటు పారేశాను. ఆ మాత్రం హక్కు అత్తగారికి లేకపోతే ఎలా చెప్పండి!

"నీ గీత ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. మన ఆడవాళ్లం "ఆ గోంగూర పచ్చడి ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడుక్కోమూ, అచ్చం అలాగే. స్నేహితురాలికి చందమామ. వాళ్ల తాతగారు బైండు చేయించి దాచిన సంపుటాల్లో, భేతాళుణ్ణి భుజాన వేసుకుని కత్తి దూసి నడిచే విక్రమార్కుణ్ణి చూసి చూసి పెరిగిందిట. ఆ బొమ్మలు శంకర్‌గారివి. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివి, 1952లో చందమామలో చేరి, జీవితమంతా ఆ బొమ్మల మధ్యే గడిపిన మనిషి. 2020లో పోయారు. మా కోడలికి రంగులు వడ్డాది పాపయ్యగారివి, గీత బాపుగారిది.

అక్కడే ఒక కొత్త సంగతి తెలిసింది నాకు. అప్పట్లో పత్రికల్లో బొమ్మని ఫొటో తీసి, జింకు రేకు మీద బ్లాకు చేసి, ముతక కాగితం మీద అచ్చువేసేవారు. మరీ సన్నగీత అయితే తెగిపోయేది, దగ్గర దగ్గరగా గీస్తే ఇంకు అలుక్కుపోయేది. అందుకని కథలకి బొమ్మలు వేసేవాళ్లు తక్కువ గీతలతో, తెగని గీతలతో వేయడం అలవాటు చేసుకున్నారు. బాపుగారి బొమ్మలో కుంచె ఒకచోట బొద్దుగా మొదలై మరోచోట వెంట్రుకంత అయ్యే ఆ సొగసు ఉందే, అది చవక కాగితాన్ని కూడా గెలిచిన సొగసు. "ఇప్పుడు మన చవక కాగితం ఫోనే" అంది కోడలు. అరచేతి వెడల్పు అద్దంలో సన్నగీతలన్నీ మాయమైపోతాయిట.

అక్షరాల బాధ ఇంకొకటి. ఇంగ్లీషువాళ్ల కొలతలకి చేసిన డబ్బాల్లో మన తెలుగుని ఇరికిస్తే, పైన గుడి తెగుతుంది, కింద వత్తు తెగుతుంది. చీరల దుకాణం పేజీలో 'వస్త్రాలు' అని పెడితే కింద వత్తులు కాస్తా కత్తిరించుకుపోయి 'వసాలు' అయి కూర్చున్నాయిట! ఇద్దరూ పడీపడీ నవ్వారు. పాత పత్రికల్లో ఆ తంటా లేదు. కథ పేరు కూడా చిత్రకారుడే చేత్తో రాసి, ఏ వత్తు ఎక్కడ ఒదుగుతుందో చూసుకుని, బొమ్మ పక్కన కూర్చోబెట్టేవాడు. బాపుగారి చేతిరాతే తర్వాత కంప్యూటరు అక్షరాలుగా వచ్చింది కదా, ఇవాళ ఏ శుభలేఖ చూసినా అదే. బొమ్మా అక్షరమూ ఒకే చేతిలోంచి రావాలన్న ఆ పాత పద్ధతినే తామిప్పుడు మళ్లీ నేర్చుకుంటున్నామని ఆ పిల్లలు చెప్పుకుంటుంటే, నాకు చిక్కుడుకాయలు చేతిలోనే ఉండిపోయాయి.

అప్పుడు మా కోడలు తను వేస్తున్న బొమ్మ చూపించింది. ఒక చేనేత చీరల దుకాణానికి మొదటి పేజీ. ఎడంపక్క మగ్గం, వెనకాల తాటిచెట్లు, అరుగు మీద జడ ముందుకి వేసుకుని, చెవి దాకా సాగిన కళ్లతో ఒక అమ్మాయి.

"ఇది బాపు బొమ్మ. నీదేదీ?" అనేశాను.

అన్న తర్వాత గాని తెలియలేదు, నా గొంతు ఎంత కరుగ్గా ఉందో. స్నేహితురాలు మంచినీళ్ల గ్లాసు వైపు చూసింది. కోడలు ఏమీ అనకుండా లాప్‌టాప్ మూసేసింది. ఆ రాత్రి అన్నాల దగ్గర "ఇంకొంచెం పప్పు వెయ్యనా అత్తయ్యా" అన్న మాట తప్ప మరో మాట లేదు. ఎంతో చనువుగా ఉండే పిల్ల.

నాకు నిద్రపట్టలేదు. నిజానికి ఆ ప్రశ్న నేను దాన్ని అడిగింది కాదు.

1976లో నేను ఇక్కడే కాలేజీలో చదువుతున్నాను. 'ముత్యాలముగ్గు' వచ్చి ఏడాదైనా కాలేదు. ఆడపిల్లలమంతా అద్దం ముందు నిలబడి మనం బాపు బొమ్మలా ఉన్నామా లేదా అని చూసుకునే రోజులు. వారపత్రిక రాగానే కథ చదవకముందే బొమ్మ చూసేదాన్ని. పత్రికని కిటికీ అద్దానికి ఆనించి, మీద తెల్లకాగితం పెట్టి, వెలుతుర్లో గీతలన్నీ దింపేదాన్ని. అలా దింపిన ఒక బొమ్మని కాలేజీ వార్షికోత్సవం పోటీకి పంపాను. మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతగా వచ్చిన డ్రాయింగు మాస్టారు, ముసలాయన, నన్ను పిలిచి చాలా మెల్లగా అడిగారు: "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?"

"ఎవరి దగ్గరా లేదండీ, సొంతంగానే" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, చిన్నగా తలూపి, పళ్లెం నా చేతిలో పెట్టారు. అంతే. ఆయనకి తెలుసు. తనకి తెలుసని నాకు తెలిసేలా చూశారు. "బాపుగారి బొమ్మ చూసి వేశానండీ" అని ఒక్క మాట అంటే ఏం పోయేది? మహా అయితే పళ్లెం పోయేది. ఆ రోజు తర్వాత నేను మళ్లీ కుంచె పట్టలేదు. పెళ్లయి సంసారంలో పడి మానేశానని అందరికీ చెప్పాను. ఆడవాళ్లు ఆ మాట చెబితే ఎవరూ మారు అడగరు, చూశారా!

మర్నాడు తెల్లవారుజామునే ముగ్గు వేస్తుంటే కోడలు వచ్చి మెట్టు మీద కూర్చుంది. మేమిప్పుడు ఫ్లాటులో ఉంటున్నాం. గుమ్మం ముందు మూడడుగుల జాగా. ఇన్నీసుపేటలో పాత ఇంట్లో ఉండగా వాకిలంతా పరిచే ముగ్గుని ఇక్కడ ఎలా వేస్తావని అడిగింది. "కుదించి వెయ్యకూడదే. కుదిస్తే గీతలు కలిసిపోయి పిండి కుప్ప అవుతుంది. పెద్ద ముగ్గులోంచి ఒక్క పువ్వు తీసుకుని, దాన్నే వెయ్యాలి. వాకిలి పెద్దదైతే చుట్టూ పెంచుకుంటూ పోవచ్చు" అన్నాను.

అది లేచి నిలబడింది. "అత్తయ్యా, నాలుగు రోజులుగా నా తంటా అదే! కంప్యూటరు మీద బాగున్న బొమ్మ ఫోనులో కుదించేసరికి మగ్గం ఈనెల చీపురులా కనిపిస్తోంది. మగ్గం మొత్తం ఎందుకు? ఫోనులో ఒక్క చెయ్యీ, నాడె చాలు" అంది. లోపలికి పరిగెత్తబోయి ఆగి, "మీ ముగ్గుల నోటుబుక్కు ఉందా?" అని అడిగింది.

ఉంది. అట్ట ఊడిన రూళ్ల పుస్తకం. పేజీకొక ముగ్గు. పక్కన '15 చుక్క, సందు చుక్క, 8 వచ్చేవరకు' అన్న లెక్క. అది చూసి మరీ మురిసిపోయింది. వాళ్ల కంప్యూటరులో రెండు రకాల బొమ్మలున్నాయట. ఒకటి చుక్కలతో పరిచింది, పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. రెండోది గీత ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగాలో చెప్పే లెక్క మాత్రమే, ఎంత పెద్దది చేసినా, ఎంత చిన్నది చేసినా చెదరదు. "ఈ నోటుబుక్కంతా ఆ రెండో రకమే అత్తయ్యా" అంది. అరవై ఎనిమిదేళ్లకి నాకు కంప్యూటరు వచ్చని తెలిసింది!

తర్వాత ఒక పేజీ దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. ప్రతి ముగ్గు కిందా చిన్న అక్షరాలతో నేను రాసుకున్న మాటలు. 'ఎదురింటి పిన్నిగారిది.' 'కాకినాడ మేనత్త దగ్గర నేర్చుకున్నది.' 'మా అమ్మది, రెండు రేకలు నేను కలిపాను.' ఒకచోట, 'రైల్లో కలిసిన ఆవిడది, సామర్లకోటలో దిగిపోయారు.'

"ఎవరి దగ్గర నేర్చుకున్నారో అన్నీ రాసుకున్నారే!" అంది.

నాకు నోటమాట రాలేదు. ముగ్గుల దగ్గర ఎంత నిజాయితీగా ఉన్నానో, బొమ్మ దగ్గర అంత దొంగనయ్యాను. రెండూ చూసి దింపినవే. తేడా అల్లా కింద రాసిన ఆ ఒక్క ముక్కే. అక్కడే మెట్టు మీద కూర్చుని పళ్లెం కథ చెప్పేశాను. కోడలు నవ్వలేదు, ఓదార్చనూ లేదు. కాసేపుండి, "బాపుగారు తమిళ చిత్రకారుడు గోపులుగారిని గురువుగా చెప్పుకునేవారుట అత్తయ్యా. పాపయ్యగారు వాళ్ల నాన్నగారి దగ్గర బొమ్మలు దిద్దారు. చూసి వెయ్యకుండా చెయ్యి ఎలా తిరుగుతుంది?" అంది. తర్వాత తలవంచుకుని, "కాని నిన్న మీరన్నదీ నిజమే. ఆ కళ్లు ఆయనవి. ఆ అమ్మాయి అసలు ఎప్పుడూ నేత నేసి ఉండదు" అంది.

ఆ మధ్యాహ్నమే దుకాణం యజమానికి ఫోను చేసి, నేత నేసే ఆవిడ ఫొటోలు రెండు తెప్పించుకుంది. నడివయసు మనిషి, కళ్లద్దాలు, కొప్పు, మోచేతి దాకా మడిచిన జాకెట్టు. గీత బాపుగారి ఇంటిదే, మనిషి మాత్రం కొత్త మనిషి. కళ్లు చెవిదాకా సాగలేదు, పోగు మీద ఉన్నాయి. అప్పుడది మా కోడలి బొమ్మలా కనిపించింది నాకు. నన్నూ వదల్లేదు. పేజీ అంచుకి ముగ్గు వేసిపెట్టమని కాగితం, ఇండియన్ ఇంకు సీసా ముందు పెట్టింది. యాభై ఏళ్ల తర్వాత కుంచె పట్టాను. మొదటి మూడు కాగితాలూ చింపి పారేశాను. నాలుగోది తీసుకుంది.

చీరల పేజీ అడుగున ఒక చిన్న వరస పెట్టింది. గీతలో గురువు బాపు, రంగుల్లో గురువు వడ్డాది పాపయ్య, అంచు ముగ్గు రైల్లో కలిసిన ఒక ఆవిడది, మా అత్తయ్య నోటుబుక్కులోంచి తీసుకున్నది అని. దుకాణం యజమాని "ఇదంతా ఎందుకమ్మా, చీరలు కొనేవాళ్లకి?" అన్నాడుట. "మీ చీర నేసినావిడ పేరు కూడా వేద్దామండీ" అందిట ఇది. ఆయన రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

మరి పళ్లెం సంగతంటారా? ఇప్పటికీ అందులో నేను అన్నం తినను. అలవాటు తప్పిపోయింది. కాని కనుమనాడు గారెలు వేసి అందులోనే పెట్టి బల్ల మీదకి తెచ్చాను. మావారు అంచు మీది అక్షరాలు కూడబలుక్కుని, "ఇంతకీ దేనికోయ్ ఈ బహుమతి?" అన్నారు.

"బాపుగారి బొమ్మకి" అన్నాను.