పొరుగు దీవికే పరుగెందుకు?

లక్షద్వీప్‌కు దక్షిణపు కొసన ఉన్న మినికాయ్ దీవిలో మాట్లాడేది మహల్. ఎనిమిది డిగ్రీల చానల్ దాటితే వచ్చే మాల్దీవుల్లోనూ అదే భాష. అక్కడ దాన్ని దివెహి అంటారు. లిపి కూడా ఒక్కటే. సముద్రం అదే, పగడపు దిబ్బలూ అలాంటివే. అయినా సెలవు దొరికిన భారతీయుడు ఎక్కువగా విమానమెక్కేది మాల్దీవులకే.

ఇది దేశాభిమానం తగ్గడం వల్ల కాదు. పాస్‌పోర్టు, బస ఏర్పాటు, తిరుగు టికెట్ చూపిస్తే మాల్దీవుల విమానాశ్రయంలోనే ఉచితంగా ప్రవేశం ఇస్తారు. సొంత దేశంలోని లక్షద్వీప్‌కైతే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. ఆ తర్వాత కోచి నుంచి ఓడ, లేదా అగత్తికి చిన్న విమానం. అక్కడి రన్‌వే మీద పెద్ద జెట్లు దిగలేవు.

2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ లక్షద్వీప్ వెళ్లి ఫొటోలు పెట్టారు. వాటిపై మాల్దీవుల ఉపమంత్రులు నోరు పారేసుకున్నారు. ముగ్గురు సస్పెండయ్యారు. భారత్‌లో బహిష్కరణ పిలుపులు హోరెత్తాయి. 2023లో రెండు లక్షలకు పైగా భారతీయులు మాల్దీవులకు వెళ్లి అక్కడి విదేశీ పర్యాటకుల్లో మొదటి స్థానంలో నిలిచారు. 2024లో ఆ సంఖ్య సుమారు 1.3 లక్షలకు పడిపోయింది. ఆవేశానికి ప్రయాణాన్ని మళ్లించే శక్తి ఉందని రుజువైంది.

అలా మళ్లినవారందరికీ లక్షద్వీప్‌లో చోటుందా? ఉన్న 36 దీవుల్లో జనం నివసించేవి పదే. మొత్తం భూమి 32 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 64,473. మాల్దీవులు 1972 నుంచి జనంలేని దీవులను రిసార్టులకు కేటాయిస్తూ వచ్చాయి. అలా ఇవ్వడానికి వాటికి సుమారు 1,200 దీవులున్నాయి.

లక్షద్వీప్‌లో అసలు చిక్కు నీటితోనే. ఇసుకలోకి ఇంకిన వాన నీరు ఉప్పునీటిపై పలుచని పొరగా నిలుస్తుంది. ఎక్కువ తోడితే బావి ఉప్పదేరుతుంది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటును కవరత్తిలో 2005లోనే పెట్టాల్సి వచ్చింది. 2021లో అభివృద్ధి ప్రాధికార సంస్థ ముసాయిదా వచ్చినప్పుడు, తమ భూములు పోతాయన్న భయంతో దీవులు భగ్గుమన్నాయి.

పర్యాటకుడికి సులువైన దారి కావాలి. అది విదేశంలో దొరికితే విదేశానికే వెళతాడు. లక్షద్వీప్ అనుమతి పత్రం అతనికి విసుగు పుట్టించే కాగితం. పెరట్లో ఒక్క బావి ఉన్న దీవివాసికి మాత్రం అది తలుపు గడియ.