ఉన్ని కండువా

పురుషులాడు బంతియాటను గూర్చి గృహిణులకు వ్రాయనేల యని పాఠక సోదరీమణులు కొందఱు శంకింపవచ్చును. మేమును మొదట నట్లే తలంచితిమి. 2016వ సంవత్సర ప్రారంభమున మావారి యుద్యోగము నిమిత్తమై ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమునకు బోయి, పడమటి శివారున కాపురము పెట్టితిమి. మా యమ్మాయికి అప్పుడు పండ్రెండేండ్లు. ఆ వైపున మన తెలుగు కుటుంబములు పెక్కు కలవు గాని, మా వీధిలో మేమొక్కరమే.

పొరుగింట నొక వృద్ధురాలు ఒంటరిగా నుండెడిది. మేము దిగిన వారముననే ఆమె తాను కాల్చిన రొట్టె పళ్ళెరమున బెట్టుకొని వచ్చి, మా యూరు పేరైన నడుగక, "మీరే జట్టువారు?" అని ప్రశ్నించెను. మాకు జట్టేదియు లేదంటిమి. ఆమె మాపై జాలిపడి, తన మెడలోని ఎఱుపు, తెలుపు, నీలము చారల ఉన్ని కండువా తీసి మా యమ్మాయి మెడలో వేసెను. అది వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టు రంగు. ఆనాటినుండి మేమా జట్టువారమైతిమి.

ఆ యాట మనమెఱిగిన ఫుట్‌బాలు గాదు. క్రికెట్టు మైదానమంత విశాలమైన స్థలము; జట్టునకు పదునెనిమిది మంది; కోడిగ్రుడ్డు ఆకారపు బంతి. దానిని విసరరాదు, ఒక చేత బట్టి రెండవచేతి పిడికిలితో గ్రుద్ది యందింపవలయును, లేదా కాలితో తన్నవలయును. బంతితో పరుగెత్తువాడు పదునైదు మీటర్లకొకమాఱైనను దానిని నేలకు దాకింపవలయును. ఇరుకొనలందును నాలుగేసి స్తంభములుండును. నడిమి రెండింటి మధ్య తన్నిన ఆఱు పాయింట్లు. ప్రక్క సందున బోయిన ఒక్కటి. గుఱి తప్పినవానికిని ఒక పాయింటిచ్చు ఆ దయ మాకు మిక్కిలి నచ్చినది. 1859లో మెల్బోర్నులోనే దీని నియమములను వ్రాసిరి. 1897లో ఎనిమిది జట్లతో మొదలైన లీగున 2016 నాటికి పదునెనిమిది జట్లు గలవు. మార్చిలో మొదలై సెప్టెంబరు చివరివఱకు ఆ నగరమున వేఱొక ముచ్చట వినబడదు.

మా పొరుగామె మాకు జట్టు కథ చెప్పెను. అది ఫుట్‌స్క్రే అను కార్మికుల పేటలో బుట్టినది. 1954లో ఒక్కమాఱు కప్పు గెలిచినది, అప్పుడామె చిన్నపిల్ల. తరువాత దరిద్రము చుట్టుకొనగా, 1989లో దానిని వేఱొక జట్టుతో గలిపివేయ లీగువారు నిశ్చయించిరి. అప్పుడు ఐరీన్ ఛాట్‌ఫీల్డ్ అను అభిమానురాలు తన పేరిట న్యాయస్థానమున దావా వేసెను. ఆ దావావలన మూడు వారముల గడువు చిక్కినది. ఆ గడువులో జనులు డబ్బాలు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, చిల్లరకాసులు గూర్చి, జట్టును నిలబెట్టిరి. మా పొరుగామెయు అట్లు తిరిగినదట. "మా వంటింటి డబ్బుతో బ్రతికిన జట్టమ్మా యిది" అని నవ్వెను.

ఆమె వెంట మేము మైదానమునకు బోవ మొదలిడితిమి. అచట సగము మంది ఆడువారే. బిడ్డలనెత్తుకొన్న తల్లులు, అల్లికపని చేతబట్టిన అవ్వలు! ప్రతియాటకును పందిరియంత కాగితపు పతాక నొకదానిని అభిమానులు దినములకొలది అతికింతురు; ఆటగాండ్రు దానిని క్షణములో చించుకొని లోనికి వత్తురు. ఒకనాడు దానిని చూచుచు మా యమ్మాయి, "అమ్మా, అతికించేవాళ్ళలో ఆడవాళ్ళున్నారు, చించుకొని వచ్చేవాళ్ళలో లేరేం?" అని యడిగెను. మావారు నావైపు చూచిరి. మా యిద్దఱికిని సమాధానము తోపలేదు.

ఆ యేటి మూడవ ఆటలోనే నాయకుడు బాబ్ మర్ఫీకి మోకాటి స్నాయువు తెగినది. జట్టు కుంటుచు నెట్లో ఏడవ స్థానమున నిలిచెను. పై ఎనిమిది జట్లకే తుదిపోటీలు. ఏడవ స్థానమునుండి వచ్చి కప్పు గెలిచిన జట్టు అంతకుమున్ను లేదు. అయినను మనవారు పెర్తు పోయి గెలిచిరి, మెల్బోర్నులో గెలిచిరి, సిడ్నీలో ఆఱే పాయింట్లతో గట్టెక్కిరి. అక్టోబరు 1వ తేదీన 99,981 మంది యెదుట తుదియాట జరిగెను. మాకు టిక్కెట్లు దొరకక పొరుగామె ఇంట టెలివిజనులో చూచితిమి. ఇరువదిరెండు పాయింట్లతో సిడ్నీ జట్టు నోడించినప్పుడు ఆమె మాటలేక కూర్చుండెను. శిక్షకుడు ల్యూక్ బెవరిడ్జ్ తన మెడలోని పతకమును దీసి, ఆడలేకపోయిన మర్ఫీ మెడలో వేసెను. అప్పుడామె యేడ్చెను, మేమును ఏడ్చితిమి. అఱువదిరెండేండ్ల నిరీక్షణ అది.

మఱునాలుగు నెలలకు, 2017 ఫిబ్రవరి 3న, ఆ లీగువారు స్త్రీల పోటీలను ప్రారంభించిరి. మొదటి ఆటకు ఇరువదినాలుగు వేలకు పైగా జనము వచ్చి మైదానము నిండగా, ద్వారములు మూసివేయవలసి వచ్చెను. ఎనిమిది జట్లు, ఏడు వారముల ఆటలు. ఆడువారిలో పెక్కురు వేఱుద్యోగములు చేసికొనుచునే యాడిరి. ఆ మొదటియేట ఉత్తమ క్రీడాకారిణిగా నెన్నబడిన ఎరిన్ ఫిలిప్స్ తండ్రి పేరుపొందిన ఆటగాడు. ఆమె బాల్యమున బాలురతో గలిసి యాడి, ఎదిగినకొలది ఆడుపిల్లకు త్రోవ లేక బాస్కెట్‌బాలునకు మరలి, 2008 ఒలింపిక్సులో రజతపతకము పొందిన జట్టున నుండెను. ముప్పదియొకటవ యేట మరల తన యాటకు వచ్చెను.

ఆ వేసవిలోనే మా యమ్మాయి పేటలోని బాలికల జట్టు కాగితమొకటి తెచ్చి సంతకము చేయుమనెను. మేము వలదంటిమి. ఇతర జట్టును బ్రోత్సహించిన మాకు మా పిల్ల యనునప్పటికి మర్ఫీ మోకాలే కన్నులయెదుట నిలిచినది. దెబ్బలు, మచ్చలు, రేపటి పెండ్లి మాటలు—అన్నియు తలపునకు వచ్చెను. పిల్ల రెండుదినములు మాటలాడలేదు. మా పక్షమున బలము చేకూరునని గుడివాడలోని మా అత్తగారికి టెలిఫోను చేసితిమి.

ఆమె అంతయు విని కొంతసేపు మౌనము వహించిరి. పిదప, "నేను చిన్నప్పుడు చెడుగుడు బాగా ఆడేదాన్నే అమ్మాయీ. వోణీ వేసిన రోజున మానిపించారు. ఎందుకు మానిపించారో ఈనాటికీ నాకెవరూ చెప్పలేదు. దెబ్బ తగిలితే కట్టు కట్టవచ్చు. పిల్లను ఆడనీ" అనిరి.

ముప్పదియేండ్లుగా నెఱిగిన పెద్దదిక్కు వలె తోచు మా అత్తగారిలో చెడుగుడాడు బాలిక యొకతె దాగియున్నదని మేమెన్నడు నెఱుగము. ఆ రాత్రియే సంతకము చేసితిమి.

మా యమ్మాయి గొప్ప ఆటగత్తె కాలేదు. ఆమె జట్టు గెలిచిన ఆటలకన్న ఓడినవే యెక్కువ. మోచేతులు గీరికొనిపోయినవి, ఒకమాఱు చిటికెనవ్రేలు విఱిగినది. ప్రతి ఆదివారము మేమును మా పొరుగామెయు వానలో గొడుగు క్రింద నిలిచి చూచితిమి. 2018లో బుల్‌డాగ్స్ స్త్రీల జట్టు కప్పు గెలిచినప్పుడు మువ్వురమును గలిసి మిఠాయి పంచితిమి. 2022 నాటికి పదునెనిమిది జట్లకును స్త్రీల జట్లేర్పడినవి.

మొదటి యాట నాడు బురదచొక్కాతో, కండువాతో తీసిన ఛాయాచిత్రమును మా అత్తగారికి పంపితిమి. దానిని దేవుని గూటి ప్రక్కన బెట్టుకొని, వచ్చినవారికందఱికిని చూపుచుండిరట.

సోదరీమణులారా! మీ యింటి బాలికచేత ఏదేని మానిపింపబోవునప్పుడు, మీచేత నెన్నడో ఏమి మానిపించిరో ఒక్కమాఱు తలచుకొనుడు. మే మంతకన్న చెప్పవలసినది లేదు.