గాలిలో గట్లు

మానిటరింగ్ స్టేషన్‌లో చేరిన మొదటి వారం, మా సీనియర్ నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, రిసీవర్ డయల్ మీద నా చెయ్యి వేయించి, "మాట్లాడకు. ఒక గంట విను" అన్నారు. విన్నాను. ఆకాశవాణి, ఎక్కడివో అరబ్బీ వార్తలు, ఓడల మోర్స్ టిక్కుటిక్కులు. వాటన్నిటి అడుగున చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఆగని హోరు. గంట తర్వాత ఏం వినబడిందని అడిగితే స్టేషన్లన్నీ వరసగా చెప్పాను. "ఆ హోరు సంగతి చెప్పలేదేం? అది పెరగకుండా చూడటమే మన ఉద్యోగం" అన్నారాయన. ముప్పై మూడేళ్లు ఆ మాట పట్టుకునే పనిచేశాను.

స్పెక్ట్రమ్ అనగానే అందరికీ వేలాలే గుర్తొస్తాయి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులు రద్దు చేసింది. 2022లో 5జీ వేలం ఏడు రోజులు నడిచి 1,50,173 కోట్ల రూపాయల దగ్గర ముగిసింది. ఇవి ఊరూరా చర్చించుకున్న విషయాలు, చర్చించుకోవలసినవి కూడా. కానీ ఏడు రోజుల్లో వేలం వేసినదాన్ని ఇరవై ఏళ్లు కాపాడాలి. ఆ కాపలా గురించి ఎవరూ రాయరు. అందుకే ఇది రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఊళ్లో చెరువు కింద నీరటి ఉండేవాడు. భుజాన పార వేసుకుని తెల్లవారుజామునే గట్టు మీద కనబడేవాడు. చెరువు అతనిది కాదు, ఆయకట్టు రైతులందరిదీ. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో అతను చూసేవాడు. పెద్దరైతు రాత్రిపూట కాలువకు గండి కొడితే తెల్లారేసరికి పూడ్చేవాడు. నా ఉద్యోగం అలాంటిదే. ఢిల్లీలో టెలికాం శాఖ కింద వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్ 1952 నుంచి ఉంది. ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత పవర్, ఎక్కడ యాంటెన్నా అన్నది అది తేలుస్తుంది. ఇచ్చిన హద్దుల్లోనే ఉన్నారా లేదా అని వినేవాళ్లం మేము, వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ వాళ్లం. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో మా స్టేషన్లున్నాయి.

చెరువుకీ దీనికీ ఒక తేడా ఉంది. నీళ్లు వాడితే తరుగుతాయి, ఆపితే నిలుస్తాయి. ఫ్రీక్వెన్సీ ఎంత వాడినా తరగదు, దాచిపెడితే మిగలదు. చెడిపోవడం మాత్రం క్షణంలో పని. ఒక్కడు గట్టు తెంపితే పక్క మడి మునిగిపోతుంది.

ఈ గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల మీద నడిచిన కేసది. ఆ ధర్మాసనంలో ఉండి విడిగా తీర్పు రాసినవారిలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. ఆ తీర్పు కాపీ చాలాకాలం నా టేబుల్ సొరుగులో ఉండేది. ఎవరైనా పలుకుబడి చూపించి "మీదేం పోయింది సార్" అన్నప్పుడు నాదేమీ పోలేదు, అది నాది కాదు కాబట్టే ఇవ్వలేను అని చెప్పడానికి ధైర్యమిచ్చిన కాగితం అది.

ఇక ఆ గట్టు తెగితే ఎలా ఉంటుందో చెబుతాను. 1990ల చివర్లో సంగతి. హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయంలో దిగబోతున్న పైలట్ల నుంచి ఫిర్యాదొచ్చింది. కంట్రోల్ టవర్ మాటల వెనక బుర్రుమని రొద వస్తోందని. కింద టవర్లో ఉన్నవాళ్లకు ఏమీ వినబడటం లేదు. రన్‌వే పక్కన మా వ్యాన్ ఆపి రెండు రోజులు విన్నాం, మాకూ ఏమీ లేదు. ఇక్కడ విమానాల రేడియో గురించి ఒక మాట చెప్పాలి. ఎఫ్ఎం రేడియో పరిధి 108 మెగాహెర్ట్జ్ దగ్గర అయిపోతుంది, విమానాల పరిధి సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పైలట్ల మాటలు 118 నుంచి 137 దాకా. విమానాల రేడియోలు ఇప్పటికీ పాత ఏఎం పద్ధతిలోనే పనిచేస్తాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి గొంతూ తెలియాలి, బలమైనది రెండోదాన్ని పూర్తిగా మింగెయ్యకూడదు. అది ప్రాణాలు నిలిపే గుణం. ఆ గుణం వల్లే సన్నటి రొద కూడా పైలట్ చెవిన పడుతుంది.

మూడో రోజు పంథా మార్చాం. నేల మీద దొరకనిది ఎత్తుకు వెళితే దొరుకుతుందని ఒక ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ డాబా ఎక్కాం. చేతిలో యాగి యాంటెన్నా, ఎదురుగా స్పెక్ట్రమ్ ఎనలైజర్. యాంటెన్నా మెల్లగా తిప్పుతుంటే తెర మీద ఒక గీత లేచింది. దానికి అటూ ఇటూ దువ్వెన పళ్లలా చిన్న గీతలు, అన్నీ సమాన దూరంలో. కొలిచాను. 15.625 కిలోహెర్ట్జ్. నా ఒళ్లు ఝల్లుమంది. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, గుణిస్తే 15,625. అది టీవీ సిగ్నల్!

ఏ టీవీ స్టేషన్‌కూ ఆ పరిధి ఇవ్వలేదు. మరి ఎక్కడిది? దిక్సూచి చూసి ఆ దిక్కుకు మ్యాపు మీద పెన్సిల్‌తో గీత గీశాం. ఇంకో డాబా ఎక్కి ఇంకో గీత. రెండూ కలిసింది ఒక ఇరుకు సందులో. వెళ్లి చూస్తే స్తంభం నుంచి స్తంభానికి వేలాడుతున్న కేబుల్ టీవీ వైరు. జాయింటు దగ్గర పైతొడుగు చీలిపోయింది, లోపలి రాగి అల్లిక వాననీళ్లకు పచ్చబడి తెగింది, మీద ప్లాస్టిక్ టేపు చుట్టారు. సిగ్నల్ తగ్గిందని పక్కనున్న యాంప్లిఫయర్‌ను చివరికంటా తిప్పిపెట్టారు. వ్యాన్‌లో ఉన్న చిన్న టీవీకి మా యాంటెన్నా తగిలిస్తే, చుక్కచుక్కలుగా ఒక సినిమా పాట కనబడింది. పైలట్లు విన్న బుర్రు శబ్దం, ఒక్కో బొమ్మ రెండు విడతలుగా పడుతూ సెకనుకు యాభైసార్లు తెర మీద మళ్లీ మొదలయ్యే చప్పుడు.

కేబుల్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "సార్, మాది వైరు కదా, రేడియో కాదు. మాకెందుకు రూల్సు?"

"వైరులో ఉన్నంతసేపూ నీ ఇష్టం బాబూ. వైరు దాటి బయటికొచ్చింది చూడు" అని తెర చూపించాను. పైన విమానంలో ఎంతమంది ఉంటారో కూడా చెప్పాను. మారు మాట్లాడకుండా నిచ్చెన ఎక్కి, చెడిన ముక్క కోసి, కొత్త కనెక్టర్ బిగించాడు. తెర మీద గీత మా కళ్లముందే కుంగి హోరులో కలిసిపోయింది. కిందికి దిగొచ్చి "ఇంకెక్కడెక్కడ పోతోందో చూపించండి సార్" అన్నాడు. అలాంటి చీలికలు ఊరంతా ఉన్నాయి. ఒక్కోటి నేల మీద చిన్నది, ఎత్తులో ఉన్న విమానానికి మాత్రం అన్నీ కలిసి వినబడతాయి. సందు సందూ తిరిగి అవన్నీ మూయించడానికి నాలుగు నెలలు పట్టింది.

2022 నవంబరులో 5జీ టవర్ల మీద కొత్త ఆంక్ష వచ్చినప్పుడు చాలామంది విసుక్కున్నారు. రన్‌వే రెండు కొసల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్యగీత నుంచి 910 మీటర్ల లోపల 3300–3670 మెగాహెర్ట్జ్ టవర్లు పెట్టకూడదన్నారు. విమానం నేలకు ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఆల్టిమీటర్ 4200–4400లో పనిచేస్తుంది. మధ్యలో అంత గట్టు ఉన్నా పాత ఆల్టిమీటర్లకు ఇబ్బంది రావచ్చని జాగ్రత్తపడ్డారు. బేగంపేట సందులు తిరిగినవాణ్ణి కాబట్టి ఆ జాగ్రత్త నాకు తప్పనిపించలేదు.

వేలంలో పాడలేనివాళ్లకూ ఈ చెరువులో వాటా ఉందన్నది నా గట్టి నమ్మకం. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద నడిచే పెద్ద రాడార్ ఉంది. కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు కదులుతోందో అతి సన్నటి ప్రతిధ్వనుల నుంచి పట్టుకుంటుంది. పక్కన హోరు పెరిగితే అది చెవిటిదవుతుంది. బంగాళాఖాతంలో వేటకు వెళ్లిన మత్స్యకారుడు ఆపదలో పిలిచే 16వ ఛానల్, 156.8 మెగాహెర్ట్జ్, దానికి వెల కట్టేదెవరు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అప్పుడు హామ్ రేడియో వాళ్లు సెట్లు పట్టుకుని సాయానికి వచ్చారు. ఏడాది పొడుగునా సరదాకి మాట్లాడుకునేవాళ్లని కొందరు చిన్నచూపు చూసే ఆ బ్యాండ్లు ఆరోజు పనికొచ్చాయి. అమ్మని స్పెక్ట్రమ్ వృథా పోయినట్టు లెక్కలు రాసేవారు ఆ రోజును కూడా లెక్కలో వెయ్యాలి.

రిటైరయ్యే ముందు చివరి ఏళ్లలో నన్ను ఎక్కువగా తిప్పినవి మొబైల్ బూస్టర్లు. ఒక పట్టణంలో మూడు కంపెనీల టవర్లకు ఒకేసారి హోరు పెరిగింది, కాల్స్ తెగిపోతున్నాయి, 108 అంబులెన్స్‌కి కూడా రెండు మూడుసార్లు చేస్తేగానీ కలవడం లేదు. వెతుక్కుంటూ వెళితే ఒక విద్యార్థుల హాస్టల్ డాబా మీద తేలాం. సిమెంటు తొట్టి వెనక అరచేయంత పెట్టె, దానికో యాంటెన్నా. హాస్టల్ నడిపే పెద్దావిడ భయపడిపోయింది. "పిల్లలు ఇంటికి ఫోన్లు కలవడం లేదని ఏడుస్తుంటే ఏడు వేలు పోసి కొన్నాను నాయనా. ఇది తప్పని ఎవరూ చెప్పలేదు."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. అమ్మినవాడు చెప్పలేదు. ఆ పెట్టె తనకు కావలసిన సిగ్నల్‌తో పాటు హోరునంతా పెంచి టవర్ వైపు విసురుతోంది. టవర్‌కు దూరాన ఉన్న ఫోన్ల సన్నగొంతులు అందులో మునిగిపోతున్నాయి. ప్లగ్గు ఆవిడ చేతనే తీయించాం. పొంగుతున్న పాల మీద నీళ్లు చిలకరించినట్టు తెర మీద హోరు ఒక్కసారిగా అణిగిపోయింది. ఆ సాయంత్రమే కంపెనీ వాళ్లను పిలిపించి హాస్టల్‌లో సిగ్నల్ ఎందుకు లేదో చూడమన్నాం. అసలు చెయ్యవలసిన పని అది.

చదువుతున్నవారికి నా మనవి ఇదే. ఇంట్లో ఫోను పలకకపోతే మీ కంపెనీకి ఫిర్యాదు చెయ్యండి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి, పని అయ్యేదాకా వదలకండి. లైసెన్సు లేకుండా బూస్టర్ పెట్టుకోవడం చట్టవిరుద్ధం. కొనకండి. ఇప్పటికే మీ డాబా మీద ఉంటే ఈ రాత్రే ప్లగ్గు తీసెయ్యండి.