ఊరి లెక్కలో ఉన్నవాళ్లు

తుపాను తీరం దాటిన రోజు ఆస్పత్రికి వచ్చేవాళ్లు తక్కువ. రేకు ఎగిరొచ్చి తెగిన గాయాలు, కొమ్మ విరిగిపడి విరిగిన చేతులు, ఒకటీ అరా పాముకాట్లు. అసలు రోగులు తర్వాత వస్తారు. వాన వెలిసి, నాయకులొచ్చి చూసిపోయి, పేపర్లలో ఫొటోలు ఆగిపోయాక వస్తారు. షుగరు మందులు నీళ్లపాలై కాలి పుండు ముదిరినవాళ్లు, టీబీ మాత్రలు మధ్యలో ఆగిపోయినవాళ్లు, నిద్రపట్టనివాళ్లు.

కావలి నుంచి వాకాడు దాకా తీరం వెంట ఉన్న పల్లెల మనుషులే నా రోగులు. వీళ్లకు గాలివాన కొత్తేమీ కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది పోయారు. 1989 నవంబరులో థాయ్‌లాండ్ వైపు పుట్టి, బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటుకొచ్చిన పెనుతుపాను కావలి దగ్గర తీరాన్ని తాకింది. అంత గాలికీ మన దగ్గర నమోదైన మరణాలు వందలోపే. హెచ్చరిక ముందుగా అంది, జనం కదలగలిగితే ప్రాణాలు ఎంతగా దక్కుతాయో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ హెచ్చరికే లేదు. ఆదివారం, పౌర్ణమి. పొద్దున్నే ఒడ్డున జనం ఉన్న వేళ నీళ్లు మీదికొచ్చాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో గానీ మొదలుకాలేదు.

సునామీ తర్వాత ఒక పట్టపు మత్స్యకారుల పల్లె నుంచి పాతికేళ్ల కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. ఒడ్డుకు పోతే గుండె పట్టేస్తోంది, ఊపిరి ఆడటం లేదు అన్నాడు. ఈసీజీ బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. నేను అడుగుతుంటే జవాబులు వాళ్ల నాయనే చెప్పాడు. కుర్రవాడు మాత్రం తన కుడి అరచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేతిలోంచే తమ్ముడు జారిపోయాడట. కొన్ని రాత్రులు నిద్రపట్టడానికి మందు రాసి, వారం వారం తీసుకురమ్మన్నాను.

అతనికి నా మందుకన్నా ఊరు చేసిన వైద్యం ఎక్కువ పనిచేసింది. వేటకు పోనివాడికి వాటా రాదు. కానీ ఆ ఊరి కాపులు, అంటే కులపెద్దలు, కూర్చుని మాట్లాడుకుని, అతను ఒడ్డున వలలు బాగుచేస్తే చాలు, వాటా ఇవ్వాలని తీర్మానించారు. జాలిపడి ఇచ్చింది కాదది, పనికి కట్టిన కూలి. ముందు ఇంటి అరుగు మీద వల కుట్టాడు. తర్వాత సరుగుడు తోపులో నలుగురితో కలిసి కుట్టాడు. ఆ తర్వాత ఒడ్డున లాగిపెట్టిన పడవ నీడలో కూర్చుని కుట్టాడు. వేసవిలో వేట నిషేధం ముగిశాక పడవెక్కాడు, ముందు అన్న, వెనక బావ. నా దగ్గరికి రావడం మానేశాడు. 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి, విపత్తుల్లో మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చాయి. బాధితులను సాయం పుచ్చుకునేవాళ్లుగా కూర్చోబెట్టవద్దనీ, తమ ఊరి పనుల్లో వాళ్లను భాగం చేయాలనీ అందులో ఉంది. అవి చదువుతుంటే నాకు ఆ కాపుల తీర్మానమే గుర్తొచ్చింది.

అయితే ఈ ఒక్క ఊరిని చూపించి, పల్లెలు వాటంతట అవే కోలుకుంటాయని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఊరు నిలబెట్టేది తన లెక్కలో ఉన్నవాళ్లనే.

2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి, సోమశిల మీదుగా కిందికి వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. పెన్న సముద్రంలో కలిసే వైపు రొయ్యల గుంటలకూ ఊళ్లకూ తేడా లేకుండా నీళ్లు పరుచుకున్నాయి. వరద తీశాక ఒక యానాది మనిషిని భార్య, బావమరిది ఆటోలో తెచ్చారు. జ్వరమొచ్చి ఆరు రోజులైంది. కళ్లు నెత్తురు జీరలతో ఎర్రగా ఉన్నాయి, కానీ పుసి లేదు. పిక్క మీద వేలు పెట్టగానే కేక పెట్టాడు. తెల్లగుడ్డులో పసుపు మొదలైంది, మూత్రం తగ్గింది. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి, పగిలిన పాదాల్లోంచి ఒంట్లోకి చేరే లెప్టోస్పైరోసిస్ అది. పెన్సిలిన్ మొదలుపెట్టాం, కిడ్నీలు నిలిచాయి, మనిషి దక్కాడు.

అన్ని రోజులు ఎందుకు ఆగారని భార్యను అడిగాను.

"గుంట కాడ మోటర్లు చూసుకోవాల సార్. వానొచ్చిందని వదిలేసి పోతే మళ్ళా పని ఇయ్యరు. అడ్వాన్సు తీసుకోనుండాం."

వరదప్పుడు జనాన్ని షెల్టరుకు తీసుకుపోయే బండి వాళ్ల కాలనీకి వచ్చింది. కాలనీలో ఉన్నవాళ్లు ఎక్కారు. గుంట గట్టు మీద తాటాకు పాకలో ఉన్న ఈ కుటుంబం ఆ ఊరి లెక్కలోనూ లేదు, ఈ ఊరి లెక్కలోనూ లేదు. పట్టపు పల్లెలో అయితే చీకటి పడేలోపు ఏ ఇంట్లో ఎవరు రాలేదో తలలు లెక్కపెట్టి చెప్పగలరు. ఇతను రాలేదని అడిగేవాళ్లు లేరు. పాక పోయిందని సాయానికి రాయించుకోవాలంటే, పాక తమదేనని చూపించే కాగితం ఒకటి ఉండాలి. ఆధార్ కార్డేమో పెట్టెతో పాటు కొట్టుకుపోయింది.

ఇది నాకు కోపం తెప్పించే విషయం. ఏరియేటర్లు ఎన్ని ఉన్నాయో, మేత బస్తాలు ఎన్ని మిగిలాయో లెక్క ఉన్న గుంట మీద కాపలా మనిషి పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. లెప్టోస్పైరోసిస్‌కు ముందు జాగ్రత్త మందు కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. 2018 వరదల్లో కేరళ ప్రభుత్వం నీళ్లలో పనిచేసేవాళ్లకు డాక్సీసైక్లిన్ పంచింది. వారానికి 200 మిల్లీగ్రాములు, అంటే రెండు మాత్రలు. ఇవ్వడానికి మనిషి ఎక్కడున్నాడో తెలియాలి, అంతే.

కాన్పు దగ్గరపడిన గర్భిణులను తుపానుకు ముందే ఆస్పత్రులకు చేర్చడం ఇప్పుడు మన దగ్గర అలవాటైంది. ఆశా కార్యకర్త దగ్గర వాళ్ల పేరు, తేదీ, ఊరు రాసి ఉంటాయి కాబట్టే అది సాధ్యమైంది. అదే పుస్తకంలో ఇంకో పేజీ తెరవమని మా వైపు ఆశాలను అడిగాను. గుంటల కాపలాదారులు, ఇటుక బట్టీలవాళ్లు, ఇన్సులిన్ వాడేవాళ్లు, టీబీ మందులు మింగుతున్నవాళ్లు అందులో ఉండాలి. ఏటా అక్టోబరు వచ్చేలోపు సరిచూస్తున్నారు. కొందరు గుంటల యజమానులు పేర్లు చెప్పడానికి వెనకాడుతున్నారు, కూలి లెక్కలు అడుగుతారని వాళ్ల భయం. అలాంటి చోట్లకు ఒక యానాది అమ్మాయి సాయంత్రాలు గట్ల మీద నడిచిపోయి, పాక పాకకూ ఆగి, పిల్లల పేర్లతో సహా రాసుకొస్తోంది.