ఉమ్మడి ఆస్తి

డిస్కును పార్టిషన్లుగా కోసేవాడు ఏ గదికి ఎంత చోటు పడుతుందో ముందే తెలిసినట్టు నటించాలి. లినక్సులోని ఎల్‌వీఎం ఆ నటన అక్కరలేకుండా చేసింది. హెచ్‌పీ-యూఎక్స్‌లోని పద్ధతిని అనుసరించి హైంజ్ మావెల్స్‌హాగెన్ 1998లో దీనిని రాశాడు. డిస్కులన్నిటినీ ఉమ్మడి ఆస్తిగా కలిపి, మామూలుగా 4 మెగాబైట్ల తునకలుగా లెక్కగట్టి, అడిగినవారికి పంచిపెడుతుంది.

ఉమ్మడిలోని చిక్కూ ఉంది. రెండు డిస్కుల మీద పరచిన వాల్యూములో ఒక డిస్కు పోతే, రెండవదానిలో మిగిలినదీ సులువుగా చేతికి రాదు.

నాన్నగారి హరికథల క్యాసెట్లను ఎక్కించి ఉంచినది అటువంటి వాల్యూములోనే. పాత డిస్కులో చెడిన సెక్టర్ల లెక్క వారంవారం పెరగసాగింది. ముందుగా అన్నిటికీ వేరే డిస్కులో ప్రతి తీశాను. (స్నాప్‌షాట్‌నే భద్రప్రతి అనుకునేవారున్నారు! అది ఉండేదీ ఆ గ్రూపులోనే. తనకిచ్చిన చోటు నిండితే చెల్లదు కూడా.) తరువాత కొత్త డిస్కును గ్రూపులో చేర్చి పీవీమూవ్ నడిపాను. వాల్యూమును మూయనక్కరలేదు. తునక వెంట తునక కొత్తచోటికి తరలుతూండగా, అదే వాల్యూము నుండి నాన్నగారి గొంతు వింటూ కూర్చున్నాను. రుక్మిణీ కల్యాణం ఎక్కడా తెగలేదు. పని ముగిశాక వీజీరెడ్యూస్‌తో పాత డిస్కును వేరుచేశాను.

ఫైల్ సిస్టంగా ఈఎక్స్‌టీ4నే ఉంచాను. కుదించవలసివస్తే మౌంట్ తీసి, ముందు దానిని, ఆపైన వాల్యూమును తగ్గించవచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌తో ఆ వెసులుబాటు లేనట్టే.

అన్నయ్య వద్ద ఇంకొక పెట్టెడు క్యాసెట్లున్నాయి. గ్రూపులో 40 గిగాబైట్లు ఎవరికీ పంచకుండా అట్టే పెట్టాను.